పసుపు ముఖానికి నప్పే రంగు

ఏప్రిల్ 16, బుధవారం

చిత్తూరులో గీతాంజలి నిశ్చితార్థం. గీతాంజలి మా చెల్లెలు రేవతి కూతురు. అబ్బాయి బుద్ధిమంతుడిలా ఉన్నాడు. భోజనం బాగుంది. వడ ఒక్కటే నూనె పీల్చింది.

అబ్బాయి తల్లి పేరు భువనేశ్వరి. తాంబూలాలు మార్చుకున్నాక నేరుగా నా దగ్గరికి వచ్చి, వంగి, కాళ్లకు దండం పెట్టింది. లేచి రేవతి వైపు తిరిగింది.

"మీ అమ్మ ఈ వయసులో గూడా బాగా తిరగతా ఉండాది వదినా. మంచి ఓపిక."

నాకు యాభై ఆరు. రేవతికి నలభై నాలుగు. మా అమ్మ పోయి పదకొండేళ్లు.

రేవతి నవ్వింది. కాదనలేదు. నేనే చెబుదామని నోరు తెరిచాను. ఎవరో అందులో మైసూర్‌పాకు పెట్టారు.

తిరుపతికి తిరుగు బస్సులో మా ఆయనను అడిగాను, నేను అంత ముసలిదానిలా ఉన్నానా అని. ఆయన పేరు జయరామ్. రిటైరయ్యే దాకా తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపిన మనిషి. ముందూ వెనకా చూసుకోనిదే ఏ మాటా కదిలించరు. చాలాసేపు రోడ్డు చూసి, "ఎవురితో పోలిస్తే?" అన్నారు.

ఇంటికి వచ్చి దీపం పెట్టి అనుకున్నాను. పెళ్లి మే 23న. ఆ రోజు నన్ను చూసినవాళ్లు రేవతికి అక్క అనాలి. అందం అక్కర్లేదు. అన్నీ ఒకేసారి అడిగితే స్వామికి కూడా విసుగు.

రేపటి నుంచి మేకప్. వయసుకు తగినట్టు.

ఏప్రిల్ 17, గురువారం

గీతాంజలి ఫోన్‌లో పాఠం చెప్పింది. మీ అమ్మకు చెప్పవద్దన్నాను. ఏ వయసుకు ఏది నప్పుతుందో చెప్పే వీడియో కూడా పంపింది. రాసుకున్నాను.

ఇరవైల్లో: ఏం పూసినా నప్పుతుంది. (అప్పుడు పూయడానికి ఏమీ లేదు.)

ముప్పైల్లో: కళ్లు తీర్చిదిద్దాలి. (అప్పుడు కళ్లకు నిద్రే లేదు.)

నలభైల్లో: మచ్చలు దాచాలి. (మచ్చలు ఉన్నాయని ఈ రోజే తెలిసింది.)

యాభైల్లో: పౌడరు మానాలి, అది ముడతల్లో దిగి కూర్చుంటుంది. క్రీము వాడాలి. ముదురు రంగు లిప్‌స్టిక్ వద్దు. కనుబొమ్మలు దిద్దుకుంటే పదేళ్లు తగ్గుతాయి.

అరవైల్లో ఏం చేయాలని అడిగాను. వీడియో అక్కడికి అయిపోయిందట.

పదేళ్లు అక్కర్లేదు. ఐదు చాలు.

నా చరిత్ర కూడా రాసి పెడతాను. పదహారేళ్లప్పుడు, నగరిలో మా ఇంట్లో ఒక స్నో సీసా, ఒక పౌడరు డబ్బా. పౌడరు వేసుకుని మగ్గం దగ్గరికి వెళితే, గంజి పిండి మీద పడిందా అని మా నాయన అడిగేవాడు. పెళ్లికి బుగ్గలకు కుంకుమ రాశారు. ఫోటోలో జ్వరం వచ్చినదానిలా ఉన్నాను. ఆ తర్వాత అంతా పసుపు, బొట్టు. పసుపు మాత్రం ఒక్క రోజూ మానలేదు.

ఉత్సాహంగా ఉంది! పదో తరగతి తర్వాత ఇంత శ్రద్ధగా ఏదీ చదవలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

తలస్నానం. శుక్రవారం కదా, పసుపు కాస్త దట్టంగానే రాసుకున్నాను. తిరుచానూరులో దర్శనం. అమ్మవారికి రోజూ అలంకారం చేస్తారు. వయసు ఎవరూ అడగరు.

అక్కడి నుంచి నేరుగా తిరుపతిలో మేకప్ సామాన్ల అంగడికి. అక్కడి అమ్మాయి నా దవడ మీద ఆరు రంగులు గీసింది. ఐదు కనబడ్డాయి. ఒకటి చర్మంలో కలిసిపోయింది. కలిసిపోయినదే మీ రంగు అంది. ఇందులో ఇంత శాస్త్రం ఉందని ఇన్నాళ్లూ తెలియదు.

కొన్నవి: ఫౌండేషన్, ఇటుక రంగు లిప్‌స్టిక్, కనుబొమ్మల పెన్సిల్, కాటుక, బుగ్గలకు రోజా రంగు, రెండు కుంచెలు. అన్నీ తెచ్చి పూజ గదిలో కుంకుమ డబ్బాల వెనక పెట్టాను. ఆయన అక్కడ వెతకరు. దేవుడు చూస్తాడు, కానీ బిల్లు అడగడు.

ఏప్రిల్ 20, ఆదివారం

మొదటి ప్రయత్నం.

ముఖం సబ్బుతో శుభ్రంగా కడగాలి, పసుపు ఉండకూడదు అని గీతాంజలి ఆజ్ఞ. కడిగాను. ముప్పై నాలుగేళ్ల తర్వాత పసుపు లేని నా ముఖం చూశాను. పెద్దగా పరిచయం లేదు.

ఫౌండేషన్ పూశాను. ముఖం నిమ్మపండు, మెడ చింతపండు.

వెలుతురు తక్కువై అలా కనబడుతోందనుకుని కూరగాయలకు వెళ్లాను. ఎదురింటావిడ నన్ను చూసి సంచి కింద పెట్టింది. కామెర్లకు వడమాలపేటలో ఆకు మందు ఇస్తారట, పరగడుపున వెళ్లాలట, ఆలస్యం చేయవద్దట. కూరగాయలవాడు నా చేతికి చిల్లర ఇవ్వకుండా తట్టలో పెట్టాడు. ఇంట్లో ఆయన నా వైపు ఒకసారి చూసి, రాత్రికి నూనె లేని కూర చేసుకుందామన్నారు.

సాయంత్రానికి అర్థమైంది. అంగడి అమ్మాయి తప్పేం లేదు. శుక్రవారం నా ముఖం మీద ఉన్నది చర్మం కాదు, పసుపు. ఆమె పసుపుకే రంగు కుదిర్చింది.

మూత తీసినది వెనక్కి తీసుకోరట.

ఏప్రిల్ 21, సోమవారం

ఉపాయం తట్టింది. మొదట పసుపు రాసుకుని, దాని మీద ఫౌండేషన్ పూశాను. అద్భుతంగా కలిసిపోయింది. ముఖం, మెడ ఒకే రంగు. అద్దంలో చూసుకున్నాను. ఎప్పటి నా ముఖమే.

ఇంత డబ్బు పెట్టి నా ముఖాన్నే కొనుక్కున్నాను.

ఏప్రిల్ 26, శనివారం

గీతాంజలి వేరే రంగు ట్యూబు పంపింది. రెండూ కలిపితే సరిపోతుందట. షరతు ఒక్కటే, పసుపు మానాలి.

మంగళవారం మానాను. బుధ, గురువారాలు కూడా. ముఖం నిజంగానే తేలికపడింది. ఐదేళ్లు కాకపోయినా రెండేళ్లు తగ్గినట్టు అనిపించింది. ఎవరో ఒకరు గమనిస్తే బాగుండును.

శుక్రవారం పొద్దున ఆయన దగ్గారు.

వేసవి దగ్గు. దుమ్ము. నాకు తెలుసు. సుప్రభాతం పెట్టుకుని పని చూసుకున్నాను. ఆయన రెండోసారి దగ్గారు. స్నానాల గదిలోకి వెళ్లి పసుపు రాసుకుని వచ్చాను.

దగ్గు తగ్గలేదు. అయినా మళ్లీ ఆ ముఖంతో ఆయన ఎదుట కూర్చోలేను.

ఏప్రిల్ 29, మంగళవారం

ముఖం సంగతి పసుపుకు వదిలేశాను. మిగతావి ఉన్నాయిగా. కనుబొమ్మలు.

బ్యూటీ పార్లర్‌కు వెళ్లాను. అక్కడి పిల్ల పేరు అడిగి రాసుకుంది: పంకజాక్షి. వయసు అడగకుండానే రాసుకుంది: అరవై రెండు.

దారంతో కనుబొమ్మలు తీసింది. నొప్పి భరించాను. గోవింద నామాలు సగం అక్కడే అయిపోయాయి. పూర్తయ్యాక అద్దం చూపించింది. కనుబొమ్మలు సన్నగా, పైకి లేచి ఉన్నాయి. ఎవరు ఏం చెప్పినా నమ్మనట్టు ఉంది ముఖం. పాలవాడు లెక్క చెబుతూ చెబుతూ ఆగి, మళ్లీ మొదటి నుంచి కూడుకున్నాడు. రూపాయి తగ్గించాడు.

లాభం లేకపోలేదు.

మే 2, శుక్రవారం

లిప్‌స్టిక్. ఇటుక రంగు. వేసుకుని పూజకు కూర్చున్నాను. చెదిరిపోతుందేమోనని పెదవులు కదపకుండా లక్ష్మీ అష్టోత్తరం చదివాను. నూట ఎనిమిది నామాలూ ముక్కుతోనే వెళ్లాయి. మోకరించి నేలకు ముఖం ఆనించి లేచేసరికి నేల మీద ఒక ముద్దు ముద్ర. తుడిస్తే పోలేదు. చింతపండు పెట్టి తోమాను.

కాఫీ గ్లాసు అంచుకు కుంకుమ అంటిందనుకుని ఆయన కళ్లకద్దుకున్నారు.

రేపటి నుంచి లిప్‌స్టిక్ లేదు.

మే 6, మంగళవారం

ఎండ నలభై రెండు. కాటుక పెట్టుకుంటే గడప దాటేలోపు చెంపల మీదికి దిగుతోంది. బుగ్గలకు రోజా రంగు అక్కర్లేదు, వంటింట్లో ఐదు నిమిషాలు నిలబడితే చాలు. ముఖం దానికదే మెరుస్తోంది. గీతాంజలి గ్లో, గ్లో అనేది ఇదే అయితే నేను పుట్టినప్పటి నుంచి గ్లోలోనే ఉన్నాను.

చల్లబడ్డాక మళ్లీ మొదలుపెడతాను. ఇది మానడం కాదు. వేసవి సెలవు.

మే 9, శుక్రవారం

మా తమ్ముడు చక్రధర్ వచ్చాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. పోయిన ఏడాది స్తంభం మీద నుంచి పడి బతికాడు. అప్పుడు మొక్కుకున్నాడట, గంగమ్మ జాతరకు ఆడవేషం కడతానని. తిరుపతిలో ఇది కొత్త కాదు. జాతర రోజున మీసాలవాళ్లు కూడా చీరలు కట్టి గుడికి వెళతారు.

చీర అడిగాడు. ఇచ్చాను. గాజులు అడిగాడు. ఇచ్చాను. ఇంకా వెళ్లకుండా గుమ్మంలో నిలబడ్డాడు. నా దగ్గర మేకప్ సామాన్లు ఉన్నాయని గీతాంజలి చెప్పిందట.

రహస్యం దాచడంలో ఆ పిల్ల వాళ్లమ్మ పోలికే.

మే 13, మంగళవారం

జాతర. తెల్లవారుజామునే చక్రధర్ మీసం తీయించుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి, నేర్చుకున్నదంతా వరుసగా చేశాను. ఫౌండేషన్, కనుబొమ్మలు, కాటుక, రోజా రంగు, ఇటుక రంగు. నా మీద ఒక్క రోజూ కుదరనిది వాడి మీద ఒక్కసారికే కుదిరింది. ఆ పసుపు ఛాయ నాకు కామెర్లు తెచ్చింది, వాడికి అమ్మవారి కళ తెచ్చింది. జడ పెట్టి, పూలు చుట్టి, నిలబెట్టి చూశాను. వాడు సిగ్గుపడ్డాడు. అది కూడా నప్పింది.

మా ఆయన పేపరు దించి చాలాసేపు చూశారు. "బాగుండాది" అన్నారు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ మాట ఇడ్లీకి తప్ప వాడగా నేను వినలేదు.

పొంగలి గిన్నె పట్టుకుని వాడి పక్కన గుడికి నడిచాను. వేపాకులు, డప్పులు, జనం. ఒక కుర్రాళ్ల గుంపు ఎదురొచ్చి ఫోన్లు పైకెత్తింది.

"అక్కా, ఒక్క ఫోటో అక్కా. అవ్వా, నువ్వు రవ్వంత పక్కకు జరుగు."

అక్క, మా తమ్ముడు. అవ్వను నేను.

జరిగాను. గిన్నె చల్లారకముందే గుడి చేరాలి.

మే 14, బుధవారం

ఫౌండేషన్ అయిపోయింది. లిప్‌స్టిక్ అరిగిపోయింది. చక్రధర్ ముఖం తుడిచిన తువ్వాలు నానబెట్టాను.

ఇక చాలు. నాకు దేవుడు ఇచ్చిన ముఖం ఇది. ఆయనకే వదిలేస్తున్నాను. ఆయనైనా ఏదో ఒకటి చేయకపోతాడా.

మే 16, శుక్రవారం

రేవతి వచ్చింది. పెళ్లికి నాకు చీర తెచ్చింది. బూడిద రంగు, అంచు కూడా బూడిదే. నీకు నప్పుతుంది అంది. చేతులు కడుక్కుని వచ్చి, నా పక్కన కూర్చుని, అసలు సంగతి చెప్పింది.

"ఒక్క పూట గమ్మునుండక్కా. అమ్మ అనే అనుకోనీ వాళ్లను. నువ్వు అక్కవని తెలిస్తే నా వయసు లెక్కేస్తారు."

వాళ్లకు ఎంతని చెప్పావని అడిగాను. ముప్పై తొమ్మిది అట. గీతాంజలికి ఇరవై నాలుగు. అంటే రేవతికి పద్నాలుగో ఏట పెళ్లి చేశామన్నమాట. నాయన లేడు కాబట్టి పీటల మీద కూర్చుని చేసింది నేను, మా ఆయన. జైలుకు వెళ్లాల్సింది కూడా మేమే.

తప్పు తనది కాదంది. ముందు భువనేశ్వరే తనకు నలభై ఒకటి అన్నదట. ఆమె కొడుక్కు ఇరవై ఏడు. రెండు ఇళ్లూ ఒకదానికొకటి తీసిపోవు.

నవ్వొచ్చింది. ఒక్క పూటే కదా, పోనీలే అనే అనుకున్నాను. అప్పుడు రెండో మాట చెప్పింది. నేలకేసి చూస్తూ.

"అమ్మ ఫోటో మండపానికి తేవద్దక్కా. దండేసిన ఫోటో చూస్తే ఈమెవురని అడగతారు గదా."

మా ఇళ్లలో పెళ్లయితే, పోయిన పెద్దల ఫోటో పీటల పక్కన కుర్చీలో ఉంటుంది. మొదటి అక్షింతలు ఆ ఒళ్లో పడాలి. రేవతి పెళ్లికి నాయన ఫోటో అలాగే కూర్చుంది. అమ్మ పక్కన నిలబడి, గాలికి పడకుండా ఒక చేత్తో పట్టుకునే ఉంది.

నా వయసు కావాలంటే తీసుకో, అమ్మ కుర్చీ కూడా తీసేస్తావా అని అడగాలనిపించింది. అడగలేదు. కాఫీ ఇచ్చాను. సరేనన్నాను.

మే 17, శనివారం

దీపం ముందు చాలాసేపు కూర్చున్నాను.

నోరు తెరవనని రేవతికి మాట ఇచ్చాను. ముఖం గురించి ఏమీ ఇవ్వలేదు. నన్ను చూడగానే ఇది తల్లి కాదు, అక్క అని ఎవరికైనా తెలిసిపోతే, నేను మాట తప్పినట్టు కాదు. అప్పుడు అమ్మ ఎక్కడ అని వాళ్లే అడుగుతారు. అమ్మ కుర్చీ అమ్మకు వస్తుంది.

కాబట్టి మేకప్ మళ్లీ మొదలు. ఇప్పుడిది షోకు కాదు.

సబ్బుతో ముఖం కడుక్కుని అంగడికి వెళ్లాను. అదే అమ్మాయి. నన్ను గుర్తుపట్టలేదు. రంగు బాగా కుదిరింది.

మే 19, సోమవారం

శనివారం కొన్న కొత్త లిప్‌స్టిక్ ఎండకు కరిగి మూతలోనే గడ్డకట్టింది. పుల్లతో తీసి పూశాను.

ఆయన దగ్గడం లేదు. ముందు జాగ్రత్తగా మందు ఇచ్చాను.

మే 21, బుధవారం

పెద్దలకు పెట్టుకునే రోజు. పెళ్లికి ముందు పోయినవాళ్లకు కొత్త బట్టలు పెట్టి చెప్పుకుంటాం. పెద్దదాన్ని కాబట్టి మా ఇంట్లోనే. రేవతి అమ్మకు చీర తెచ్చింది. ఆకుపచ్చ, మెరూన్ అంచు. అమ్మకు ఇష్టమైన రంగు మరిచిపోలేదు. ఫోటో ముందు పెట్టి దండం పెట్టింది. కళ్లు మూసుకునే పెట్టింది, తెరవలేదు.

నేను కొబ్బరికాయ కొట్టాను. చక్రధర్ ఫోటో ఏ కారులో వస్తుందని అడిగాడు. ఇంట్లోనే ఉంటుందన్నాను. వాడు రేవతి వైపు చూశాడు. మీసం ఇంకా సగమే వచ్చింది, కోపం సరిగా కనబడలేదు.

మే 23, శుక్రవారం

పెళ్లి. తిరుచానూరు కల్యాణ మండపం.

పొద్దున్నే లేచి ఫౌండేషన్ వేళ్లతో అద్ది, పెదవులకు పలచగా రంగు, కళ్లకు సన్నగా కాటుక. పసుపు చెవుల వెనక మాత్రం రాసుకున్నాను. ఆయన ఆరోగ్యానికి అది చాలనుకున్నాను. బూడిద రంగు చీర పెట్టెలో ఉంచి, వంకాయ రంగు కట్టుకున్నాను.

మండపం బయట పూలమ్మి పిలిచింది. "అక్కా, మల్లెలు తీసుకోక్కా." అవసరం లేదు. నాలుగు మూరలు కొన్నాను.

లోపల రేవతికి, గీతాంజలికి బ్యూటీషియన్ మేకప్ వేస్తోంది. గీతాంజలి బాగుంది. ఇరవైల్లో ఏం పూసినా నప్పుతుంది. రేవతి ముప్పై తొమ్మిది లాగే ఉంది, డబ్బుకు న్యాయం చేశారు. నన్ను చూసి చూపు చటుక్కున తిప్పుకుంది. బాగా కుదిరిందన్నమాట.

ఆ కుదిరినది హోమం వెలిగించే దాకా నిలిచింది. పొగ సరిగ్గా మా వరుస మీదికి తిరిగింది. కళ్లు మండాయి, కారాయి, కొంగుతో తుడిచాను. కొంగు మీద కాటుక, ఫౌండేషన్, ఇటుక రంగు. ముఖం మీద ఏం మిగిలిందో చూసుకోలేదు. పక్కనున్న పాప నన్ను చూసి వాళ్లమ్మ ఒళ్లోకి ఎక్కింది.

ముహూర్తం దగ్గర పడింది. పురోహితుడు మైకులో పెద్దలను పిలిచాడు. పెండ్లికూతురు అమ్మమ్మగారు వచ్చి మొదటి అక్షింతలు వేయాలన్నాడు. భువనేశ్వరి నన్ను చూపించింది. రెండు వైపుల జనం నా వైపు తిరిగారు. కుర్చీ ఉండాల్సిన చోట పూలబుట్ట పెట్టారు.

లేచాను. వేదిక ఎక్కాను. రేవతి నా చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది. పళ్లెంలో నుంచి అక్షింతలు తీసుకున్నాను. తీసుకున్నాక చెయ్యి ముందుకు పోలేదు. అమ్మ వేయాల్సినవి నేను ఎట్లా వేసేది.

"అమ్మమ్మ లేదు సామీ. పోయి పదకొండేండ్లు. నేను పెద్దమ్మను. రేవతికి అక్కను."

మైకు పురోహితుడి చేతిలోనే ఉంది. మండపం అంతా వినబడింది.

పురోహితుడు సర్దుకుని, అయితే పెండ్లికొడుకు నాయనమ్మగారు రండి అన్నాడు. భువనేశ్వరి పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. పేరు కుప్పమ్మ అట. మోకాలి నొప్పితో నిశ్చితార్థానికి రాలేకపోయిందట. భువనేశ్వరికి అత్తగారని అందరికీ చెప్పారు. ముడతల్లో పౌడరు తెల్లగా దిగి కూర్చుంది. పాపం, వీడియో చూడలేదు. ఆవిడ నన్ను చూసింది, భువనేశ్వరిని చూసింది, మోకాలు పట్టుకుని లేచింది.

"నేను గూడా నాయనమ్మను కాదు సామీ. ఈమె అక్కను. వాళ్లత్త పోయి శానా కాలమాయె."

భువనేశ్వరి రేవతిని చూసింది. రేవతి భువనేశ్వరిని చూసింది. ఇద్దరి పెదవులూ కదిలాయి. మంత్రాలు కావు, కూడికలు.

రేవతి ఏడ్చింది. బ్యూటీషియన్ వేసినది తడికి చెదరని రకం. కన్నీళ్లు జారిపోయాయి, ముఖం ముఖంలాగే నిలబడింది. చెయ్యి పట్టుకున్నాను కాబట్టి నాకు తెలిసింది, మిగతావాళ్లకు తెలియలేదు. నన్ను తిడుతుందనుకున్నాను. తల తిప్పి చక్రధర్‌ను పిలిచింది.

"అన్నా, బండి మీద పోయి అమ్మను ఎత్తకరా. బిన్నా రా, ముహూర్తం దాటిపోతాది."

ఫోటో తెమ్మనలేదు. అమ్మను తెమ్మంది.

వాడు ఎలా వెళ్లాడో, ఎలా వచ్చాడో. ఫోటో అద్దం మీద దుమ్ము పడకుండా చొక్కా విప్పి చుట్టి, బనియన్‌తోనే వేదిక ఎక్కాడు. పూలబుట్ట తీసి కుర్చీ వేశారు. రేవతి పట్టుచీర కొంగుతో అద్దం తుడిచి అమ్మను కూర్చోబెట్టింది. మొదటి అక్షింతలు అక్కడ పడ్డాయి. అప్పుడు మేళం.

భోజనాల్లో కుప్పమ్మ నా పక్కన కూర్చుంది. మా ముఖాల గురించి మాట్లాడుకోలేదు. పాయసం రెండుసార్లు వేయించుకున్నాం.

జూన్ 1, ఆదివారం

పెళ్లి బాగా జరిగినందుకు తిరుమల వెళ్లి వచ్చాం, నేను, ఆయన. బస్సులో ప్రతి మలుపుకూ ఆయన కాలు, లేని బ్రేకును నొక్కుతూనే ఉంది.

ముఖానికి పసుపు, బొట్టు. మనసు ప్రశాంతం. రేవతి ఇప్పుడు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నలభై నాలుగని చెబుతోంది. భువనేశ్వరి ఇంకా లెక్క తేల్చలేదట. మేకప్ సంగతి ముగిసింది, సామాన్లు గీతాంజలికి ఇచ్చేద్దామని క్యూలో నిలబడి నిశ్చయించుకున్నాను.

ముందు నిలబడ్డ మదనపల్లె ఆయన వెనక్కి తిరిగి మాటలు కలిపాడు. ఊరు, ఉద్యోగం, పిల్లలు అన్నీ అయ్యాక మా ఆయనను అడిగాడు.

"మీ అక్కను గూడా పిలుచుకోని వచ్చినారే. మంచి పని చేసినారన్నా."

మా ఆయనకు అరవై ఒకటి. పెళ్లికని జుట్టుకు నల్లరంగు వేయడం మొదలుపెట్టారు, పెళ్లయినా మానలేదు. నేను ఆయన వైపు చూశాను. ఆయన రెండు వైపులా చూసుకుని, జుట్టు సర్దుకుని, "ఊఁ" అన్నారు.

దర్శనం బాగా జరిగింది. స్వామి ముందు నిలబడ్డ ఆ కాసేపట్లో ఏం అడగాలో తోచలేదు. దండం పెట్టి వచ్చేశాను.

రేపు పొద్దున సబ్బుతో ముఖం కడుక్కుని అంగడికి వెళుతున్నాను. కుప్పమ్మకు ఫోన్ చేశాను, ఆమె కూడా చిత్తూరు నుంచి మొదటి బస్సుకు వస్తుంది. వెళ్లేముందు ఆయన జుట్టు రంగు డబ్బా చెత్తబుట్టలో వేయాలి. ఈసారి మొదటి పని అదే.